పగులును చూసినవాడికే పని ఆపే అధికారం

గని ప్రమాదం అనగానే మన కార్మికవర్గపు జ్ఞాపకంలో మెదిలేది భూగర్భమే. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపాన చస్నాలా గనిలోకి నీరు విరుచుకుపడి 375 మంది ప్రాణాలు కోల్పోయిన నాటి నుండి గని అంటే చీకటి, నీరు, విషవాయువు, కూలే పైకప్పు అన్న భావమే మన మనస్సులలో నాటుకొనిపోయింది. ఆ భావం అసత్యం కాదు. కాని నేడు మన దేశంలో తవ్వుతున్న బొగ్గులో అత్యధిక భాగం ఆ చీకటి నుండి రావడం లేదు. 1973లో బొగ్గు గనుల జాతీయీకరణ పూర్తి అయిన రోజులలో భూగర్భ గనులదే పైచేయిగా ఉండేది. నేడు కోల్ ఇండియా ఉత్పత్తిలో నూటికి 90 పాళ్లకు మించి ఓపెన్‌కాస్టు గనుల నుండి వస్తున్నది. సింగరేణిలోనూ అదే ధోరణి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశపు బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. ఈ అంకెను పాలకులు సగర్వంగా ప్రకటించారు. ఆ బొగ్గును తవ్వినవాడు ఎక్కడ నిలబడి తవ్వాడు, ఆ సమయాన అతని తలపైన ఏమి వేలాడుతున్నది అన్నది టన్నుల లెక్కలో ఇమిడే విషయం కాదు.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో గనుల గురించి సంపాదకీయం ఎందుకని కొందరు పాఠకులకు తోచవచ్చు. మన రైళ్లు మోసే సరకులో తూకాన్ని బట్టి దాదాపు సగం బొగ్గే. గని అంచున సైడింగులో రేకు నిండే వేళకు అక్కడ మన పాయింట్‌మన్ ఉంటాడు, మన గార్డు ఉంటాడు. మన పట్టాల కింద పరచిన కంకర ఏదో ఒక రాతి క్వారీలో పగిలి వచ్చినదే. ఆ క్వారీలలో పనిచేసే వలస కార్మికుడు ఇంటికి పంపిన సొమ్మును తరతరాలుగా గడప గడపకూ చేర్చినవాడు తపాలా బంట్రోతు. అంతేగాక, ఈ సమస్యకు మన రైలు మార్గపు నిబంధనలలోనే ఒక సమాధానం ఉన్నదని మేము భావిస్తున్నాము. దానిని తరువాత ప్రస్తావిస్తాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఓపెన్‌కాస్టు గనిలో పైన ఆకాశం కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, పైకప్పు లేదు గనుక కూలే భయం లేదు అని చాలామంది అనుకుంటారు. పైకప్పు లేని మాట నిజమే. గోడలు ఉన్నాయి. బొగ్గు పొరను చేరుకొనడానికి దాని మీద ఉన్న మట్టిని, రాతిని తొలగించాలి. దీనినే ఓవర్‌బర్డెన్ అంటారు, గని కార్మికుల వాడుకలో ఓ.బి. ఒక టన్ను బొగ్గుకు అనేక ఘనపు మీటర్ల ఓ.బి.ని ఎత్తిపోయవలసి ఉంటుంది. తవ్విన గొయ్యి ఒక వైపున వంద మీటర్లకు మించి దిగుతుంటే, ఎత్తిపోసిన మట్టి మరొక వైపున కొండగా లేస్తుంది. గోదావరిఖని, రామగుండం, మణుగూరు మీదుగా ప్రయాణించిన వారికి ఈ కృత్రిమ కొండలు పరిచితమే. కార్మికుడు ఈ రెండింటి నడుమ, లోయ అడుగున పనిచేస్తాడు.

అందుచేత ఓపెన్‌కాస్టు గనిని మెట్లు మెట్లుగా తవ్వాలని నిబంధన. ఈ మెట్లనే బెంచీలు అంటారు. మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గరాదు. మెత్తని మట్టి అయితే వాలు 45 డిగ్రీలకు మించరాదు, లేదా మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించరాదు అని లోహ, రాతి గనులకు వర్తించే 1961 నాటి నిబంధనలు నిర్దేశించాయి. బొగ్గు గనుల నిబంధనలు ఎత్తిపోసిన మట్టి కుప్ప వాలును 37.5 డిగ్రీలకు పరిమితం చేశాయి, 30 మీటర్లకు మించిన కుప్పను మెట్లుగా విడగొట్టాలన్నాయి. ఈ అంకెలన్నీ ఎవరో కార్యాలయంలో కూర్చొని ఊహించినవి కావు. ప్రతి అంకె వెనుక ఎక్కడో ఒకచోట కూలిన గోడ ఉన్నది.

2016 డిసెంబరు 29 సాయంకాలం జార్ఖండ్ రాష్ట్రం గొడ్డా జిల్లా లాల్‌మటియాలో, ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కు చెందిన రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టు గనిలో ఏమి జరిగిందో గుర్తుకు తెచ్చుకుందాము. ఫరక్కా, కహల్‌గావ్ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అందించే పెద్ద గని అది. చీకటి పడిన తరువాత కూడా పని సాగుతున్నది. సుమారు 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు గల నేల 35 మీటర్ల మేర కిందికి జారిపోయిందని అధికారులు తరువాత ప్రకటించారు. మనుషులు, డంపర్లు, తవ్వకపు యంత్రాలు మట్టి కింద సమాధి అయ్యాయి. 23 మంది మరణించారు. వారు కాంట్రాక్టు సంస్థ తరఫున పనిచేస్తున్నవారు. నేలలో పగుళ్లు ముందే కనిపించాయని, ఆ సంగతి పైవారికి చెప్పినా పని ఆగలేదని కార్మికులు, స్థానికులు అన్నట్లు ఆ రోజులలోనే వార్తాపత్రికలు ప్రచురించాయి. ఇటువంటి సంఘటన మునుపెన్నడూ జరగలేదని అధికార ప్రకటన పేర్కొన్నది.

మునుపెన్నడూ జరగలేదు అన్న మాటను కార్మికోద్యమం ఊరకనే అంగీకరించరాదు. అంత విస్తీర్ణంలో జరగకపోయి ఉండవచ్చు. కాని వాలు ఎలా కూలుతుందన్నది రహస్యమేమీ కాదు. పగులులోకి దిగిన వాననీరు లోపలి పొరలను నెట్టుతుంది. పాత గొయ్యిలో నిలిచిన బురద మీద కొత్త మట్టి పోస్తే దానికి అడుగున పట్టు ఉండదు. బొగ్గు కోసం వాలు పాదాన్ని తొలిస్తే పైభారాన్ని మోసే ఆసరా పోతుంది. బ్లాస్టింగు అదురుకు అప్పటికే బలహీనపడిన పొరలు మరింత సడలుతాయి. వీటిలో రెండు మూడు కలిసినప్పుడు గోడ కదులుతుంది. అది ఒక్క క్షణంలో కదలదు. మొదట గోడ పైఅంచున సన్నని పగులు తెరుచుకుంటుంది, రోజు రోజుకు వెడల్పు అవుతుంది. పాదం వద్ద నేల ఉబ్బుతుంది. ఇంతకుముందు పొడిగా ఉన్న చోట నీరు ఊరుతుంది. చిన్న చిన్న రాళ్లు జారుతుంటాయి. కదలిక వేగం పుంజుకున్నదంటే కూలే గడియ సమీపించినట్లే. అనుభవం గల డంపర్ డ్రైవరుకు, షవల్ ఆపరేటరుకు ఈ లక్షణాలు తెలుసు. పగులుకు రెండు వైపుల రెండు మేకులు పాతి, పూటపూటకు వాటి మధ్య దూరాన్ని కొలతపట్టీతో కొలిచి వ్రాసుకుంటే చాలు, నేల చెబుతున్న సమాచారం సగానికి సగం చేతికి వస్తుంది. దీనికి విదేశీ మారక ద్రవ్యం అక్కరలేదు.

పెట్టుబడి పెట్టదలచిన వారికి అంతకు మించిన సాధనాలు కూడా ఉన్నాయి. ఎదుటి వాలును రేయింబవళ్లు గమనిస్తూ అతి స్వల్ప కదలికను సైతం పట్టుకొనే రాడార్లు వచ్చి చాలా కాలమైంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బింగ్‌హామ్ కాన్యన్ అనే రాగి గనిలో 2013 ఏప్రిల్ 10 రాత్రి గోడ రెండు విడతలుగా కూలింది. జారిన రాయి, మట్టి 14 కోట్ల టన్నులకు మించినవి. లాల్‌మటియాలో కదిలిన దానితో పోల్చదగినది కాదు, అంత పెద్దది. కదలికను ముందుగానే పసిగట్టి మనుషులను బయటకు పంపివేశారు గనుక ఒక్క ప్రాణం కూడా పోలేదు. యంత్రాలు మాత్రం మట్టిలో కలిశాయి. ఆ కంపెనీ దయామయమైనదని మేము చెప్పడం లేదు. మనిషి చనిపోతే తనకు అయ్యే నష్టమెంతో అక్కడి యజమాని లెక్క వేసుకోవలసి వస్తుంది. ఆ లెక్క మన దేశంలో ఇంకా చౌకగా తేలుతున్నది.

గోడ కూలిన వార్త పత్రికలకు ఎక్కుతుంది. ఓపెన్‌కాస్టు గనులలో ఒకరిద్దరు చొప్పున, ఏడాది పొడవునా ప్రాణాలు తీస్తున్నది మాత్రం ఎక్కువగా డంపర్లు, ట్రక్కులే. వంద టన్నులు మోసే డంపర్ మీద డ్రైవరు ఒక అంతస్తు ఎత్తున కూర్చుంటాడు. తన ముందు చక్రం పక్కన నిలిచిన మనిషి అతనికి కనబడడు, జీపు కూడా కనబడకపోవచ్చు. దుమ్ము లేస్తే, రాత్రివేళ దీపాలు సరిగా లేకపోతే చెప్పనవసరం లేదు. వెనుకకు నడిచేటప్పుడు మ్రోగవలసిన హారను పనిచేయదు, పనిచేయించవలసినవాడు కాంట్రాక్టరు. గని బాట వాలు సాధారణంగా 16కు 1 మించరాదని నిబంధన. మన లోకో పైలట్లు ఈ అంకెను చదివి ఆశ్చర్యపోవచ్చు. కర్జత్, కసారా ఘాట్లలో 37కు 1 వాలుకే మనం వెనుక బ్యాంకర్ ఇంజన్లు తగిలిస్తాము, బ్రేకు పరీక్షలు చేస్తాము, అదుపు తప్పిన బండికి క్యాచ్ సైడింగు సిద్ధంగా ఉంచుతాము. అంతకు రెట్టింపు కన్నా నిటారైన బాట మీద నిండు డంపర్‌ను నడిపేవాని వాహనానికి బ్రేకులు పరీక్షించినట్లు రిజిస్టరులో సంతకం ఉన్నంత మాత్రాన సరిపోతుందా? బాట అంచున ఉండవలసిన మట్టికట్ట ఎత్తు ఆ బాట మీద తిరిగే అతి పెద్ద వాహనపు టైరు వ్యాసానికి తగ్గరాదని కూడా నిబంధన ఉన్నది. తొందరలో వేసిన బాటలకు అటువంటి కట్ట ఉన్నదా లేదా అన్నది చూడగానే తెలిసే విషయం. దానికి నిపుణుడు అవసరం లేదు.

పేలుడు పదార్థాల సంగతి వేరు. 2020 జూన్ 2న రామగుండం ప్రాంతంలోని సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు పదార్థాలు నింపే పనిలో ఉండగా విస్ఫోటం సంభవించి నలుగురు కాంట్రాక్టు కార్మికులు మరణించారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె వద్ద గనికి తెచ్చిన జిలెటిన్ కడ్డీలను వాహనం నుండి దించుతుండగా పేలి 10 మంది చనిపోయారు. ఒకటి ప్రభుత్వ రంగ సంస్థకు చెందిన పెద్ద గని, రెండవది ఒక కొండ మూలన ఉన్న చిన్న గని. రెండు చోట్లా అత్యంత ప్రమాదకరమైన పనిని సంస్థ స్వంత ఉద్యోగుల చేత గాక ఇతరుల చేత చేయించారు. దుమ్ము వలన వచ్చే సిలికోసిస్ గురించి, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో గొయ్యి అడుగున చేసే పని గురించి విడిగా వ్రాయవలసి ఉన్నది. ఇక్కడ స్థలం చాలదు.

ఇక రాతి క్వారీలు. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ వద్ద గ్రానైటు క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఒడిశా నుండి వలస వచ్చిన ఆరుగురు కార్మికులు మరణించారు. వారు తెలుగు గడ్డ మీద పనిచేస్తూ చనిపోయిన ఒడియా బిడ్డలు. ఆ క్వారీలలో భద్రతా సూచనలు వ్రాసే భాష ఏది? పైన రాయి కదులుతున్నదని ఒకడు అరిస్తే కింద ఉన్నవానికి అర్థమయ్యే భాష ఏది? తెలుగు జిల్లాల నుండి కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా గనులకు వెళ్లిన మన వారికి కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 1952 నాటి గనుల చట్టమే చిన్న ఓపెన్‌కాస్టు తవ్వకాలకు కొంత మినహాయింపు ఇచ్చింది: లోతు 6 మీటర్లకు, మనుషుల సంఖ్య 50కి మించకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉంటే చట్టంలోని అనేక విధులు వర్తించవు. ఈ హద్దుల చాటున ఎన్ని క్వారీలు కాగితం మీద ఆరు మీటర్ల లోతులోనే ఆగిపోతాయో, ఎందరు కార్మికులు హాజరు పట్టీకి ఎక్కకుండా ఉండిపోతారో, ఆ ప్రాంతాలలో ఉత్తరాలు పంచే సోదరులకు మాకన్నా బాగా తెలుసు.

మేము ప్రధానంగా చెప్పదలచినది ఇప్పుడు చెబుతాము.

మన రైలు మార్గంలో కీమన్ ఉంటాడు. జీతాల పట్టికలో అతని స్థానం కింది మెట్టు మీద. ఉదయాన్నే సుత్తి, పానా భుజాన వేసుకొని తన బీటు నడుస్తూ పట్టా విరిగి ఉండడం చూశాడనుకుందాము. అతడు ఎవరి అనుమతి కోసమూ ఆగడు. ఎర్ర జెండా చూపుతాడు. బ్రాడ్‌గేజ్ మార్గమైతే 600 మీటర్ల వద్ద ఒక డిటోనేటరు, 1200 మీటర్ల వద్ద పది మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పట్టా మీద అమర్చుతాడు. రాజధాని ఎక్స్‌ప్రెస్ వచ్చినా ఆగవలసిందే. ఆ బండిలో మంత్రి ఉన్నా, జనరల్ మేనేజరు ఉన్నా ఆగవలసిందే. బండి ఎందుకు ఆగిందన్న విచారణ తరువాత జరుగుతుంది. బండి ముందు ఆగుతుంది. ఒకవేళ అతడు పొరపాటు పడ్డాడనే తేలినా, కొన్ని నిమిషాలు ఆలస్యం తప్ప నష్టం లేదు. ఈ అధికారం వలన భారతీయ రైల్వేలు స్తంభించిపోలేదు. ఇవి ఇంతకాలం నడుస్తున్నాయంటే ఈ అధికారం కూడా ఒక కారణమని ఏ పాత పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరునైనా అడగండి.

లాల్‌మటియాలో నేల పగిలినప్పుడు, ఆ పగులు మీదుగా డంపర్ నడుపుతున్నవానికి ఈ అధికారం లేదు. అతని చేతిలో ఎర్ర జెండా లేదు. అతడు బండి ఆపితే ఆ పూట ట్రిప్పుల లెక్క తగ్గుతుంది, రెండవసారి ఆపితే మరునాడు గేటు వద్దనే నిలిపివేస్తారు. ప్రమాదం గమనించి మనుషులను వెనుకకు పంపవలసిన బాధ్యతను బొగ్గు గనుల నిబంధనలు ఓవర్‌మన్, సర్దార్ మొదలైన అర్హత గల సిబ్బంది మీద ఉంచాయి. అది అవసరమే. కాని వాలు కింద ఎనిమిది గంటలూ నిలబడి ఉండేవాడు సర్దార్ కాదు. పగులును మొదట చూసేది ఒకరు, పని ఆపగలిగేది మరొకరు అయినప్పుడు, వారి ఇద్దరి మధ్య టార్గెట్ అడ్డంగా నిలుస్తున్నది.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1952 నాటి గనుల చట్టం ఇందులో విలీనమయింది. ఈ కోడ్‌లోని 14వ సెక్షను ఉద్యోగి హక్కులను గురించినది. ప్రాణాపాయం ముంచుకు వస్తున్నదని సహేతుకమైన భయం కలిగితే ఉద్యోగి ఆ సంగతిని యజమాని దృష్టికి, ఏకకాలంలో ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ దృష్టికి తీసుకురావచ్చునట. యజమానికి నమ్మకం కుదిరితే తక్షణం చర్య తీసుకోవాలి. నమ్మకం కుదరకపోతే విషయాన్ని ఆ అధికారికి నివేదించాలి, అతని నిర్ణయమే తుది నిర్ణయం. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్నంతసేపు డంపర్ ఎక్కడ ఉండాలి? ఆ సెక్షను ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. అక్కడి నుండి తొలగిపోయే హక్కు నీకున్నది, అందుకు నిన్ను శిక్షించరాదు అన్న స్పష్టమైన మాట అందులో లేదు. కీమన్‌ను పట్టా విరిగిందని డివిజనల్ ఇంజనీరుకు దరఖాస్తు పెట్టుకోమని, జవాబు వచ్చేవరకు బండ్లను పోనివ్వమని చెప్పినట్లున్నది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో ఆమోదించిన 176వ నంబరు ఒడంబడిక గనులలో భద్రతను గురించినది. తీవ్ర ప్రమాదం ఉన్నదని సహేతుకంగా భావించినప్పుడు గనిలోని ఏ చోటి నుండి అయినా తొలగిపోయే హక్కును ఆ ఒడంబడిక 13వ అధికరణం కార్మికునికి స్పష్టంగా గుర్తించింది. భారతదేశం ఈ ఒడంబడికను ఆమోదించలేదు. ప్రపంచంలో బొగ్గు ఉత్పత్తిలో రెండవ స్థానంలో ఉన్నామని చెప్పుకొనే దేశం మనది.

యాజమాన్యాల వాదన మాకు తెలియనిది కాదు. ఎవడు పడితే వాడు పని ఆపితే ఉత్పత్తి ఏమి కావాలి, దీనిని సంఘాలు తమ కోరికలకు ఆయుధంగా వాడుకోవా అని వారు అడుగుతారు. దశాబ్దాల లెక్కలు చూస్తే గనులలో మరణాల రేటు తగ్గిన మాట వాస్తవం కాదా అని కూడా అంటారు. తగ్గింది, కాదనము. జాతీయీకరణ, ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ పర్యవేక్షణ, సంఘాల ఒత్తిడి, యంత్రాల మెరుగుదల అందుకు తోడ్పడ్డాయి. దుర్వినియోగం జరుగుతుందన్న భయానికి మన మార్గమే సమాధానం. అబద్ధపు ఎర్ర జెండా చూపినవానిని విచారించే నియమాలు రైల్వేలలో ఉన్నాయి, గనిలోనూ పెట్టుకోవచ్చు. నిజమైన ఎర్ర జెండా చూపినవానిని కాపాడే నియమం కావాలంటున్నాము.

మన ఇల్లు పూర్తిగా చక్కగా ఉన్నదని కూడా మేము భ్రమపడడం లేదు. రైలును ఆపగల ట్రాక్‌మన్ తానే రైలు కింద పడి చనిపోయే సంఘటనలు ఆగలేదు. పట్టాల పని మీద కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి ఎర్ర జెండా సంగతి ఎవరు నేర్పుతున్నారన్నది మనలను మనమే అడుగుకోవలసిన ప్రశ్న. గ్రామీణ డాక్ సేవకులు తపాలా శాఖ పనినే చేస్తూ శాఖ ఉద్యోగులు కానట్లే, గనిలో అదే గోడ కింద, అదే డంపర్ మీద పనిచేస్తూ ఒకడు కంపెనీ కార్మికుడు, మరొకడు కాంట్రాక్టు కార్మికుడు. బొగ్గు గనులలో ఓ.బి. తొలగింపుతో సహా కొన్ని పనులలో కాంట్రాక్టు విధానాన్ని నిషేధిస్తూ 1975లోనే ప్రభుత్వ ప్రకటన వెలువడింది. తరువాతి కాలంలో సడలింపులు వచ్చాయి. నేడు ఓ.బి. తొలగింపు అత్యధికంగా జరుగుతున్నది ప్రైవేటు కాంట్రాక్టుల మీదనే. వాలు కూలే ముప్పు ఎక్కడ ఎక్కువో అక్కడికే, మాట్లాడే బలం ఎవరికి తక్కువో వారిని పంపుతున్నాము.

1955 నాటి గనుల నియమాలలో తరువాత చేర్చిన ఒక మంచి ఏర్పాటు ఉన్నది. 500 మంది లేక అంతకు మించి పనిచేసే గనిలో గుర్తింపు గల సంఘంతో సంప్రదించి కార్మికుల పక్షాన వర్క్‌మెన్స్ ఇన్‌స్పెక్టర్లను నియమించాలి. అతడు గని తిరిగి చూడవచ్చు, లోపాలను రిజిస్టరులో వ్రాయవచ్చు, తక్షణ ప్రమాదముంటే మేనేజరుకు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు తెలుపవచ్చు. మంచి అనుభవజ్ఞులైన కార్మికులు ఈ బాధ్యతను నిర్వహించారు. కాని టెండరు మారినప్పుడల్లా మారిపోయే కాంట్రాక్టు కార్మికులలో నుండి ఈ స్థానానికి ఎదిగే అవకాశం ఎవరికి ఉన్నది? కొత్త కోడ్ కింద వచ్చే నియమాలలో ఈ పదవి కొనసాగాలి, దాని పరిధిలోకి కాంట్రాక్టు పనులు తప్పనిసరిగా రావాలి, కార్మికుల ఇన్‌స్పెక్టరు వ్రాతపూర్వకంగా ప్రమాదమని పేర్కొన్న వాలు కింద పని ఆగి తీరాలి. భద్రతా సంఘంలో కాంట్రాక్టు కార్మికులకు స్వంత ప్రతినిధులు ఉండాలి. ఇవి గని కార్మిక సంఘాలు ఎంతో కాలంగా అడుగుతున్నవే. మన బలాన్ని వాటికి తోడు చేయడమే మేము కోరుతున్నది.

రైలు ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషనర్లు రైల్వే బోర్డు కింద గాక పౌర విమానయాన మంత్రిత్వశాఖ కింద పనిచేస్తారన్నది మన పాఠకులకు తెలిసినదే. నడిపేవాడే తనను తాను విచారించుకోరాదన్న సూత్రం మీద ఆ ఏర్పాటు నిలిచింది. గనుల భద్రతా డైరెక్టరేట్ కూడా బొగ్గు మంత్రిత్వశాఖ కింద గాక కార్మిక మంత్రిత్వశాఖ కింద ఉన్నది. ఆ స్వతంత్రతకు తగిన సిబ్బంది, వాహనాలు, ఖాళీల భర్తీ కావాలి. తనిఖీదారును ఫెసిలిటేటర్ అని పిలిచినంత మాత్రాన గోడ వాలు తగ్గదు.

మనం స్వయంగా చేయగలిగినది కూడా ఉన్నది. రైల్వేలు ప్రతి సంవత్సరం పెద్ద మొత్తంలో కంకరను టెండర్ల ద్వారా కొంటున్నాయి. ఆ కంకర పరిమాణాన్ని, గట్టిదనాన్ని పరీక్షించి, సరిపోకపోతే తిరస్కరిస్తున్నారు. అది ఏ క్వారీ నుండి వచ్చింది, ఆ క్వారీలో మెట్లు ఉన్నాయా, అక్కడి కార్మికుల పేర్లు హాజరు పట్టీలో ఉన్నాయా, పేలుడు పనికి అర్హత గలవాడు ఉన్నాడా అన్న పరీక్ష కూడా ఆ టెండరులో షరతుగా చేర్చాలని అన్ని జోన్లలోని మన అనుబంధ సంఘాలు యాజమాన్యంతో జరిగే సమావేశాలలో అంశంగా పెట్టాలి. బొగ్గు సైడింగులలో పనిచేసే సోదరులు, గని అంచున మట్టి కుప్ప రైలు మార్గం వైపు జరుగుతున్నట్లు గమనిస్తే దానిని స్టేషను డైరీలో వ్రాయించాలి.

కంకర డిపోలు, బొగ్గు సైడింగులు ఉన్న చోట్ల మన శాఖలు ఈ వివరాలు సేకరించి సమాఖ్య కార్యాలయానికి పంపాలని కోరుతున్నాము: సరకు వచ్చే క్వారీ లేక గని ఏ మండలంలో ఉన్నది, అక్కడ సుమారు ఎందరు పనిచేస్తున్నారు, వారు ఏ రాష్ట్రాల వారు, ఏ భాష మాట్లాడుతారు, గత మూడు సంవత్సరాలలో జరిగిన ప్రమాదాల గురించి స్థానికంగా తెలిసినదేమిటి, అక్కడ ఏదైనా సంఘం ఉన్నదా. తపాలా సోదరులు తమ బట్వాడా పరిధిలోని క్వారీల వివరాలను ఇదే విధంగా పంపవచ్చు. కార్మికుల పేర్లు వ్రాయనవసరం లేదు. వారి ఉద్యోగాలకు ముప్పు తెచ్చే ఏ వివరమూ వద్దు. అందిన సమాచారాన్ని గని కార్మిక సంఘాలకు, గనుల భద్రతా డైరెక్టరేట్ ప్రాంతీయ కార్యాలయాలకు సమాఖ్య తరఫున అందజేస్తాము.